రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటే జబ్బు లేనట్టేనా?

ఎమ్మారై రిపోర్టు చివర ‘ఇంప్రెషన్’ అని ఒక చిన్న పేరా ఉంటుంది. డిప్రెషన్‌తోనో, ఆగని టెన్షన్‌తోనో, నిద్ర పట్టకో వచ్చినవాళ్ల రిపోర్టులో ఆ పేరా దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. రేడియాలజిస్టు రాసింది అక్షరాలా నిజం. కానీ ఇంటికి చేరేసరికి ఆ వాక్యం తీర్పుగా మారిపోతుంది. ‘స్కాన్‌లో ఏమీ లేదు’ అన్నది ‘నీకేమీ లేదు’ అవుతుంది. నాలుగు రోజులు పోతే ‘అంతా నీ నాటకం’ అవుతుంది.

నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని. ఆ మిషన్ ఏం చూస్తుందో, ఏం చూడదో దాని పక్కన నిలబడి పనిచేసేవాడిగా నాకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మనసుకి జబ్బు చేసిందా లేదా అన్నది తేల్చడానికి ఈ రోజుకీ మన దగ్గరున్న అసలైన ఆధారం ఆ మనిషి చెప్పే మాటే. స్కాన్ బాగానే ఉందని ఆ మాటను కొట్టిపారేయడం తప్పు. రంగురంగుల మెదడు బొమ్మ చూపించి లేని జబ్బు అంటగట్టడమూ తప్పే. ఈ రెండూ ఎందుకు తప్పో, మెదడు నెట్‌వర్కుల మీద, అంటే కలిసి పనిచేసే మెదడు భాగాల జట్ల మీద, గత ముప్పై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనే చెబుతోంది.

తెనాలి వైపు పల్లె నుంచి వచ్చిన ఒకావిడ నాకు బాగా గుర్తు. చీటీ మీద తలనొప్పి అని రాసి ఉంది. వాళ్ల అత్తగారు మాటల్లో చెప్పింది వేరు. తిండి సయించడం లేదు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది, పిల్లాడు ఏడుస్తున్నా లేవడం లేదు. లోపలికి తీసుకెళ్లే ముందు చెవి దుద్దులు, గాజులు, జడపిన్నులు ఒక్కొక్కటీ తీసి అత్తగారి కొంగులో వేసింది. మెడలో పసుపు తాడు కట్టుకున్నాకే మంగళసూత్రం తీసింది, అందరూ చేసేదే. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టి, తల చుట్టూ కాయిల్ బిగించి, చేతిలో రబ్బరు బల్బు ఇచ్చాను. “భయమేస్తే నొక్కమ్మా, వెంటనే బయటికి తీస్తాను. కదలకుండా మాత్రం ఉండాలి.”

ఆ గొట్టంలో కదలకుండా పడుకోవడం తేలిక కాదు. డబడబమని చప్పుడు మొదలవగానే చాలామంది ఉలిక్కిపడతారు, గుటక వేస్తారు, కాలు కదుపుతారు, స్కాన్‌లో ఏదో ఒక విడత మళ్లీ తీయాల్సి వస్తుంది. ఆవిడకి ఒక్కటి కూడా మళ్లీ తీయాల్సిన అవసరం రాలేదు. అయిపోయింది లేవమ్మా అన్నా కాసేపు అలాగే పడుకుని ఉంది.

బయటికి రాగానే అత్తగారు అడిగింది, “ఏమైనా కనపడిందా బాబూ?”

“నేను చెప్పకూడదు పెద్దమ్మా, డాక్టరు గారు చూసి రాస్తారు.”

సాయంత్రం రిపోర్టు అందుకున్నది భర్త. మంచివాడిలాగే ఉన్నాడు. గడ్డేదైనా ఉందేమోనన్న భయంతో పొద్దుట్నుంచీ అన్నం తినలేదట. కవరు విప్పి, పక్కనున్నవాళ్లతో చదివించుకుని, పెద్దగా ఊపిరి వదిలి భార్య వైపు తిరిగాడు. “చూశావా, నార్మలే అంట. ఇంక లేనిపోనివి మనసులో పెట్టుకోకు.” ఆవిడ ఏమీ అనలేదు. ఆయన బిల్లు దగ్గరికి వెళ్లాక అత్తగారితో మెల్లగా అంది, “ఏదో ఒకటి కనపడుంటే బాగుండేది.”

గడ్డ కనపడితే బాగుండునని ఏ ఆడమనిషీ సరదాకి కోరుకోదు. గడ్డ ఉన్నవాళ్లని చూడ్డానికి చుట్టాలు యాపిల్ పళ్లు పట్టుకుని వస్తారు. పొలం పనికి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఆవిడకి కావాల్సింది జబ్బు కాదు, తన బాధ నిజమేనని పదిమందీ ఒప్పుకునే ఒక కాగితం.

ఆ కాగితం మా మిషన్ ఇవ్వలేదు. ఎందుకంటే మేం తీసేది మెదడు నిర్మాణం. ఒంట్లో ఉన్న నీటిలోని హైడ్రోజన్‌ని అయస్కాంతంతో పలికించి, ఏ కణజాలం ఎక్కడుంది, ఎక్కడైనా వాపుందా, రక్తం చిమ్మిందా, గడ్డ ఒత్తుతోందా అని చూస్తాం. డాక్టర్లు డిప్రెషన్‌లో స్కాన్ రాసినా, థైరాయిడ్, బి12 పరీక్షలు రాసినా, అలాంటి వేరే కారణం ఏదైనా దాక్కుని ఉందేమో చూసి పక్కన పెట్టడానికే. ఇందులో ‘ఏమీ లేదు’ అంటే, వెతికిన అలాంటివేవీ లేవని. అంతే.

మా డెల్టాలో కాలువల మ్యాపు చూస్తే ప్రధాన కాలువ ఎక్కడ చీలింది, ఏ పిల్లకాలువ ఏ ఊరికి పోతుంది, గట్టు ఎక్కడ తెగింది అన్నీ తెలుస్తాయి. ఈ పూట నీళ్లు ఎటు వదిలారు, వంతు ఎవరిది, కాలువ నీళ్లు వదిలే లస్కరు ఏ తూము ఎత్తాడు, చివరి ఊరికి చేరాయా లేదా అన్నది మాత్రం ఏ మ్యాపులోనూ ఉండదు. మామూలు ఎమ్మారై ఆ మ్యాపు. మనసు స్థితి నీటి వంతులకి సంబంధించిన సంగతి.

ఆ నీటి కదలిక చూసే మార్గం ఒకటి 1990లో దొరికింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సెయిజీ ఒగావా, రక్తంలో ఆక్సిజన్ మోతాదు మారితే ఎమ్మారై సిగ్నల్ కూడా కొంచెం మారుతుందని చూపించాడు. మెదడులో ఏ భాగం పనిలో ఉంటే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది కాబట్టి, పని ఎక్కడ జరుగుతోందో పరోక్షంగా పట్టుకోవచ్చు. దీన్నే ఫంక్షనల్ ఎమ్మారై అంటున్నాం. మొదట్లో అందరూ చేసింది ఒక్కటే: మనిషికి ఒక పని చెప్పడం, వేళ్లు ఆడించమనో బొమ్మ చూడమనో, అప్పుడు ఏ భాగం వెలుగుతుందో చూడటం. పని లేనప్పుడు వచ్చే సిగ్నల్‌ని చెత్త కింద లెక్కేసేవారు.

ఆ చెత్తలోంచే అసలు విషయం బయటపడింది. 1995లో మిల్వాకీలోని మెడికల్ కాలేజ్ ఆఫ్ విస్కాన్సిన్‌లో భరత్ బిస్వాల్ అనే పరిశోధక విద్యార్థి, ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నవాళ్ల సిగ్నల్‌ని జాగ్రత్తగా చూశాడు. కుడి చేతిని కదిపే భాగం, ఎడమ చేతిని కదిపే భాగం, చేతులు కదలకపోయినా సరే, రెండూ కలిసి నెమ్మదిగా ఎగసి కలిసి తగ్గుతున్నాయి. ఒక్కో అలకి పది సెకన్ల పైనే పట్టేంత నెమ్మది. అది గుండె కొట్టుకోవడం వల్లో ఊపిరి వల్లో వచ్చే రొద అని చాలామంది మొదట్లో నమ్మలేదు. ఇవాళ మెదడు నెట్‌వర్కుల శాస్త్రం అంతా నిలబడింది ఆ గమనిక మీదే: దూరదూరంగా ఉన్న భాగాలు కలిసి ఎగసి కలిసి తగ్గుతుంటే, అవి ఒక జట్టు.

తర్వాత 2001లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్కస్ రైకిల్ బృందం ఇంకో వింత సంగతి రాసింది. ఏ పని చెప్పినా మెదడులో కొన్ని భాగాలు చురుకవడానికి బదులు తగ్గుతున్నాయి. నుదుటి వెనక నడిమి భాగం, తల వెనక వైపు లోతున ఉన్న భాగం, రెండు పక్కలా చెవులకి పైగా వెనగ్గా ఉన్న భాగాలు. పని ఆపితే మళ్లీ లేస్తున్నాయి. అంటే మనం ఏమీ చేయడం లేదనుకునే వేళ ఇవి పనిలో ఉన్నాయి. దీనికే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పేరు పడింది. మన ఒంటి బరువులో మెదడు 2 శాతం. ఒంటికి ఖర్చయ్యే శక్తిలో దాని వాటా దాదాపు 20 శాతం. ఏదైనా పని మీద దృష్టి పెట్టినప్పుడు పెరిగే ఖర్చు 5 శాతం లోపే. ఖర్చంతా ఊరికే కూర్చున్నప్పుడు కూడా అవుతున్నదే.

ఈ లెక్క నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మన ఇళ్లలో డిప్రెషన్‌కి ఇచ్చే మొదటి సలహా ‘ఎక్కువ ఆలోచించకు’. రెండోది ‘ఖాళీగా ఉంటే అంతే, ఏదో ఒక పనిలో పడు’. మెదడుకి ఖాళీ అన్నదే లేదు. ఖాళీ దొరగ్గానే అది తన గురించి, నిన్నటి గురించి, రేపటి గురించి, నలుగురూ మనల్ని ఏమనుకుంటున్నారన్న దాని గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది. అందరిలోనూ అంతే. 2010లో హార్వర్డ్‌లో కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2,250 మందిని ఫోన్లో ఏ వేళలో పడితే ఆ వేళలో పలకరించి ‘ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది’ అని అడిగితే, దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. ఆలోచించకు అని ఎవరికైనా చెప్పడమంటే ఊపిరి తీసుకోకు అని చెప్పడమే. ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా అది చేతకాదు.

తేడా ఎక్కడంటే, ఆరోగ్యంగా ఉన్నవాడు ఆ ఆలోచనల్లోంచి బయటికి రాగలడు. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినగానే నిన్నటి గొడవ వదిలేసి లేస్తాడు. ఇందులో మూడు జట్లు పనిచేస్తాయి. తన గురించి ఆలోచించే డిఫాల్ట్ జట్టు ఒకటి. పని మీద మనసు నిలిపే జట్టు ఇంకొకటి. ఒంట్లోంచీ బయటినుంచీ వచ్చే కబుర్లలో ఏది ఇప్పుడు ముఖ్యమో తేల్చి, మొదటి రెండింటిలో ఎవరి వంతో నిర్ణయించే జట్టు మూడోది. అంటే మన లస్కరు. దీన్ని సేలియన్స్ నెట్‌వర్క్ అని 2007లో విలియం సీలీ బృందం విడిగా గుర్తించింది. స్టాన్‌ఫర్డ్‌లో వినోద్ మీనన్ 2011లో ఈ మూడింటినీ కలిపి ఒక వాదన చేశాడు. మానసిక జబ్బుల్లో చాలావాటిని ఒక్కో భాగం చెడిపోవడంగా కంటే, ఈ వంతులు తప్పడంగా చూస్తే బాగా అర్థమవుతాయని.

అలా చూస్తే చాలా బాధలకి రూపం వస్తుంది. పొద్దున పంపిన మెసేజ్‌కి రిప్లై రాకపోతే సాయంత్రం దాకా గుండె దడదడలాడే మనిషిని తీసుకోండి. చిన్న కబురు కూడా అతనికి అతి ముఖ్యమైనదిగా లోపలికి వచ్చేస్తోంది. రోడ్డు మీద ఎవరో దగ్గితే అది తనకి చేసిన సైగే అని నమ్మే మనిషి విషయంలో, అసలు ముఖ్యం కానిదానికి ముఖ్యమన్న ముద్ర పడిపోతోందని మానసిక వైద్యుడు శితిజ్ కపూర్ 2003లో రాశాడు. డిప్రెషన్‌లో తూము ఒకే వైపు ఎత్తి ఉండిపోతుంది. ‘నేనెందుకూ పనికిరాను, నా వల్లే ఇదంతా’ అన్న ఒకే ఆలోచన రాత్రంతా తిరుగుతుంది. పిల్లాడి ఏడుపు చెవికి వినపడుతుంది, లేవమన్న కబురు మాత్రం ఒంటికి అందదు. ఆ తెనాలి ఆవిడ బద్ధకస్తురాలు కాదు. చెడ్డ తల్లి అసలే కాదు.

‘ఏదో ఒక పనిలో పడు’ అన్న సలహాలో కొంత నిజం ఉంది, దాన్ని నేను కాదనను. పనిలో పడితే డిఫాల్ట్ జట్టు తగ్గుతుంది కదా. చిన్న చిన్న పనులు రోజువారీగా మళ్లీ అలవాటు చేయించే చికిత్స ఒకటి ఉంది కూడా, బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. కానీ అందులో మొదటి వారం పని, పొద్దున లేచి మొహం కడుక్కుని వాకిట్లో పది నిమిషాలు కూర్చోవడం కావచ్చు. దాన్ని చేయించడానికి పక్కన ఒక మనిషి ఉంటాడు, చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయావో అడుగుతాడు, తిట్టడు. మన ఇళ్లలో ఆ సలహా వచ్చే తీరు, దెబ్బతిన్న తూముని తిట్టి తిప్పమనడంలా ఉంటుంది.

ఇంతవరకూ చదివినవాళ్లకి ఒక ప్రశ్న రావాలి. నెట్‌వర్కులు ఇంత స్పష్టంగా తెలిశాయి కదా, మామూలు ఎమ్మారై బదులు ఆ ఫంక్షనల్ ఎమ్మారై తీస్తే ఆవిడకి కావాల్సిన కాగితం దొరికేది కదా? ఇక్కడే నేను గట్టిగా మాట్లాడాలి. ఎందుకంటే ఈ ఆశ మీద ఇప్పుడు వ్యాపారం నడుస్తోంది.

మా బంధువుల్లో ఒకాయన కొడుకుని ఇంటర్‌లో చదువు మీద ధ్యాస లేదని ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేయించుకొచ్చాడు. తలకి టోపీ పెట్టి, వైర్లు తగిలించి ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ అలల్ని నమోదు చేసే పరీక్ష, తీసి, కంప్యూటర్‌తో రంగులేశారు. కాగితం మీద గుండ్రటి తలలు వరసగా, ఒక్కోదాంట్లో ఎరుపు, పసుపు, నీలం. “మీ బాబుకి ఇక్కడ ఎరుపు ఎక్కువుంది సార్” అని వేలు పెట్టి చూపించి, సెషన్ల ప్యాకేజీ రాసిచ్చారు. ఈఈజీ మంచి పరీక్షే. 1929లో హాన్స్ బెర్గర్ మనుషుల్లో దాన్ని ప్రకటించినప్పటినుంచీ వాడుకలో ఉంది, మూర్ఛ జబ్బులో ఇవాళ్టికీ అది లేకపోతే పని జరగదు. ఆ ఎరుపుని చూసి పిల్లాడికి డిప్రెషన్ ఉందనో ఆందోళన ఉందనో తేల్చడం మాత్రం కుదరదు. ఆ కుర్రాడిని ఆ గంటసేపట్లో ఎవరూ ‘నిద్ర పడుతోందా బాబూ, హాస్టల్లో ఎలా ఉంది’ అని అడగలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. కొడుకు నోటి మాట కంటే కంప్యూటర్ కాగితం నమ్మదగ్గదని ఆయన అనుకున్నాడు, మనమంతా అనుకుంటున్నట్టే.

ఫంక్షనల్ ఎమ్మారై సంగతీ, ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి, ఇంతకంటే మెరుగు కాదు. డిప్రెషన్‌లో డిఫాల్ట్ నెట్‌వర్క్ లోపలి బంధాలు బాగా బిగుసుకుంటాయని చాలా ఏళ్లు చిన్న చిన్న అధ్యయనాలు చెప్పాయి. తర్వాత చైనాలో 25 పరిశోధన బృందాలు తమ డేటా అంతా ఒకచోట పోసి, డిప్రెషన్ ఉన్న 1,300 మందినీ లేని 1,128 మందినీ పోల్చి 2019లో ఫలితం ప్రకటించాయి. జబ్బు తిరగబెట్టినవాళ్లలో ఆ బంధాలు తగ్గి ఉన్నాయి. అంటే ఉల్టా. మందులు వాడుతున్నారా, జబ్బు మొదటిసారా, తిరగబెట్టిందా అన్నదాన్ని బట్టి బొమ్మ మారిపోతోంది. 2022లో ఇంకో పెద్ద పరిశీలన, దాదాపు 50,000 మంది స్కాన్లు చూసి, మెదడు కొలతలకీ మనిషి ప్రవర్తనకీ మధ్య ఉండే సంబంధాలు ఎంత సన్ననివంటే, అవి నమ్మకంగా తేలాలంటే వేలమంది కావాలని తేల్చింది. వేలమంది సగటులో కనపడే సన్నటి తేడాని పట్టుకుని, బల్ల మీద పడుకున్న ఒక్క మనిషికి జబ్బు ఉందో లేదో చెప్పడం కుదరదు.

ఆశ లేదని నేను అనడం లేదు. 2024లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ నుంచి వచ్చిన పనిలో, కొద్దిమందినే తీసుకుని మళ్లీ మళ్లీ, గంటల తరబడి స్కాన్ చేశారు. డిప్రెషన్ ఉన్న చాలామందిలో సేలియన్స్ నెట్‌వర్క్ మెదడు పైపొరలో దాదాపు రెట్టింపు జాగా ఆక్రమించి ఉంది. మనసు కుదుటపడినా ఆ జాగా తగ్గలేదు. తర్వాతి కాలంలో డిప్రెషన్ వచ్చిన కొందరు పిల్లల్లో, జబ్బు రాకముందే అది అలా ఉంది. ఇది నిలబడితే, ఆ వైపు మొగ్గు పుట్టుకతోనో చిన్నప్పుడో వస్తుందన్నమాట. ఆ మనిషి గుండె దిటవుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా రోగనిర్ధారణకి అది ఇంకా పనికిరాదు, ఎందుకంటే జబ్బు లేనివాళ్ల కొలతలూ వీళ్ల కొలతలూ కలిసిపోయే మేర చాలా ఉంది.

చికిత్స వైపు కథా ఇంతే సూటిగా ఉండదు. 2005లో హెలెన్ మేబర్గ్ బృందం టొరంటోలో, ఏ మందుకీ లొంగని డిప్రెషన్ ఉన్న ఆరుగురికి మెదడు లోతున ఒక కూడలిలో సన్నటి తీగ పెట్టి కరెంటు పంపింది. ఆరు నెలలకి నలుగురు స్పష్టంగా కోలుకున్నారు. అదే పెద్ద ఎత్తున చేసిన పరీక్షను, ఉత్తుత్తి కరెంటుతో పోలిస్తే తేడా తేలడం లేదని మధ్యలో ఆపేశారు. తల పైనుంచి అయస్కాంతంతో ప్రేరేపించే టీఎంఎస్‌కి మాత్రం 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన పెద్ద ఊళ్లలోనూ దొరుకుతోంది.

మందులు ఉన్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది, తీవ్రమైన దశలో ఈసీటీ, అంటే మత్తు ఇచ్చి మెదడుకి కాస్త కరెంటు పంపే చికిత్స, ఉంది. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా మానేయకూడదు, తగ్గాక కూడా డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మనోవ్యాధికి మందు లేదని సామెత ఉంది. ఆ సామెత పుట్టిన రోజుల్లో నిజమే అయ్యుంటుంది, ఇప్పుడు కాదు. 2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్లే. డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు మానసిక జబ్బులున్నవాళ్లలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. మన దగ్గర అంతకంటే బాగుందని అనుకోవడానికి మాత్రం నాకు కారణం కనపడదు.

జబ్బుని తేల్చే పద్ధతి మటుకు ఇప్పటికీ చాలా సాదాగా ఉంటుంది. దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి, నీరసం, మనసు నిలవకపోవడం, తనని తాను నిందించుకోవడం, మాటా కదలికా మందగించడం, చచ్చిపోవాలన్న ఆలోచన. ఈ తొమ్మిదింటి గురించి అడుగుతారు. మొదటి రెండింటిలో ఒక్కటైనా ఉండి, మొత్తం కనీసం ఐదు ఉండి, రెండు వారాలకి తగ్గకుండా దాదాపు రోజంతా వేధిస్తుంటే డిప్రెషన్ అంటారు. దీనికి కావాల్సిన పరికరం అడిగేవాడికి ఓపిక, చెప్పేవాడికి నమ్మకం. ఆ తెనాలి ఆవిడ అత్తగారు నాకు తలుపు దగ్గర నిలబడి ఏకరువు పెట్టినవాటిలో సగం ఈ జాబితాలోవే. గొట్టంలోకి వెళ్లకముందే జబ్బు చెప్పేశారు. రాసుకున్నవాళ్లు లేరు.

అందుకే మా సెంటర్లో ఒకటి అడుగుతున్నాను. రిపోర్టు కింద తెలుగులో మూడు లైన్లు ఉండాలి: ‘ఈ పరీక్ష మెదడు నిర్మాణాన్ని మాత్రమే చూస్తుంది. డిప్రెషన్, ఆందోళన లాంటి జబ్బులు ఇందులో కనపడవు. బాధ ఉంటే మళ్లీ డాక్టర్ని కలవండి, లేదా ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.’ మా రేడియాలజిస్టు గారి అభ్యంతరం, రిపోర్టు పంపించిన డాక్టరు కోసం, ఇంటివాళ్ల కోసం కాదని. రూలు ప్రకారం ఆయన మాట సరైనదే. కానీ ఆ కవరు మొదట విప్పేది డాక్టరు కాదు, మా వరండాలో బెంచీ మీద కూర్చున్న భర్తో, తండ్రో, అన్నో. రిపోర్టులో రాయడం కుదరకపోతే ఫిల్మ్ కవరు మీద వేయండి అన్నాను. దాని వెనక వైపు ఇప్పటికే మా ఫోన్ నంబర్లు, పండగ డిస్కౌంట్ ప్రకటన, ఎక్కడెక్కడ బ్రాంచీలున్నాయో ఆ వివరాలు తెలుగులోనే ఉన్నాయి. కవర్లు మళ్లీ ప్రింటుకి వెళ్లేటప్పుడు ఆ డిస్కౌంట్ ప్రకటన తీసేస్తే ఈ మూడు లైన్లకి జాగా సరిపోతుంది.